నైరుతిలో బరువు

పుస్తకాలకి ఇంట్లో చోటు దొరకదు, ఆక్రమించుకోవాలి. హైదరాబాదులో రెండు పడగ్గదుల ఫ్లాటులో కాపురం చేసే ఏ చదువరిని అడిగినా ఈ మాటే చెబుతారు. కాకపోతే ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు అడగాలి.

నేను మొదట న్యాయంగానే ప్రయత్నించాను. చెక్క పని చేసే ఆయన్ని పిలిచి, హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే పొడుగు అర వేయమన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, "బట్టలకైతే వేస్తానమ్మా, పుస్తకాలకి వేయను" అన్నాడు. అందులో పెద్ద శాస్త్రమే ఉంది. అడుగు పొడవున నిలబెట్టిన పుస్తకాలు ఎనిమిది పది కిలోలు తూగుతాయి. పైగా చెక్క పొడుగునా పుస్తకాలే పేర్చినప్పుడు, ఆసరాకి ఆసరాకి మధ్య దూరం రెట్టింపు చేస్తే చెక్క కుంగేది రెట్టింపు కాదు, 16 రెట్లు. ఆయన ఈ లెక్కేమీ వేయలేదు. రెండున్నర అడుగులకో నిలువు చెక్క ఉండాల్సిందేనని, ప్లైవుడ్డు 18 మిల్లీమీటర్లకి తగ్గకూడదని తేల్చేశాడంతే. అంటే ఒక్కో నిలువు చెక్కా ఒక కథల సంపుటి చోటు తినేసిందన్నమాట.

అర వచ్చాక ఇంకో చిక్కు. తెలుగు పుస్తకాలకి ఒక ఎత్తంటూ ఉండదు. డెమీ సైజు నవల పక్కన క్రౌను సైజు కథలు, వాటి పక్కన ఏ అరలోనూ ఇమడని బాపు బొమ్మల పుస్తకం. పొడుగువాటిని కొలిచి అర వేయిస్తే పొట్టివాటి నెత్తిన జానెడు ఖాళీ. ఆ ఖాళీలో అడ్డంగా పడుకోబెట్టడానికే దేవుడు కవితా సంపుటాలను సృష్టించాడని నా నమ్మకం. పిన్ను కొట్టిన పల్చటి పుస్తకాలు, వీపు మీద పేరు వేసే చోటుండదు. ఆవిష్కరణ సభకి వెళ్తే చేతిలో పెట్టి పంపుతారు. మొదటి పేజీలో "ఆత్మీయ సోదరికి" అని సంతకం ఉంటుంది కాబట్టి పాత పేపర్లవాడికి వేయలేం. రేపు కోఠీ ఫుట్‌పాత్ మీద ఆ కవిగారి కంటే పడిందనుకోండి, ఇక సభలకి మొహం చాటెయ్యాల్సిందే. పేరున్న వీపులైనా సుఖం లేదు. కొన్నిటి మీద పేరు పైనుంచి కిందికి, కొన్నిటి మీద కిందినుంచి పైకి. ఒక అర పొడుగునా చదివితే మెడకి వ్యాయామం పూర్తవుతుంది.

మావారు పుస్తకాల ద్వేషి కాదు, ఖాళీ గోడల ప్రేమికులు. ఆయన్ని ఒప్పించడానికి ఒకసారి ఎస్.ఆర్. రంగనాథన్‌గారిని అడ్డం పెట్టుకున్నాను. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడాయన. 1931లో పుస్తకంగా వేసిన అయిదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం ఎదుగుతూ ఉండే ప్రాణి అని.

"ఎదిగే ప్రాణి అయితే సెల్లార్‌లో కట్టెయ్" అన్నారు మావారు.

అప్పుడర్థమైంది, శాస్త్రం సరైనదే గానీ ఈ ఇంటికి అది పనికిరాదని. మా అత్తగారికి వాస్తు మీద గురి. నైరుతిలో బరువుండాలన్నది అందరికీ తెలిసిందే. మా పడగ్గది నైరుతి. "అత్తయ్యా, ఆ మూల బొత్తిగా తేలిగ్గా లేదూ?" అన్నాను, బెండకాయలు తరుగుతూ. సాయంత్రానికల్లా మావారి వ్యాయామ సైకిలు బాల్కనీకి పోయింది, సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు దిగాయి. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో పుట్టింటి వంకతో విజయవాడ పుస్తక మహోత్సవం. సంక్రాంతి వెళ్లేసరికి నైరుతికి ఇక ఏ లోటూ లేకుండా పోయింది.

మిగిలింది దేవుడి గది. అందులోకి ముందుగా తిరుమల తిరుపతి దేవస్థానంవారి కవిత్రయ భారతం వెళ్లింది, 15 సంపుటాలు. ఆ గది ఈశాన్యం, అక్కడ బరువు పెట్టకూడదు. ఆ మాట నేనెత్తలేదు. "భారతం బరువేమిటే, పుణ్యం" అని అత్తగారే తీర్పిచ్చారు. వెనకే పోతన భాగవతం, మొల్ల రామాయణం. ఆ తర్వాత విశ్వనాథవారి వేయిపడగలు, పేరులోనే నాగదేవత ఉందని. భారతం వెనక ఇంకో వరస పట్టేంత లోతుందని కనిపెట్టాక, ఎవరికీ కనబడని ఆ చీకట్లోకి చలం మైదానం కూడా చేరింది. మొగుణ్ణి వదిలి వెళ్లిపోయిన రాజేశ్వరి, వినాయకుడి పటం చాటున కాపురం పెట్టింది.

కార్తీకమాసంలో ఒత్తుల డబ్బా కోసం వెనక్కి చెయ్యి పెట్టిన అత్తగారికి ఆవిడ దొరికింది.

దీపం పెట్టి పది నిమిషాల్లో బయటికొచ్చే మనిషి గంటైనా రావడం మానేశారు. లోపల గంట మోగదు, స్తోత్రం వినబడదు. "ఈమధ్య అమ్మకి భక్తి పెరిగింది" అని మావారు మురిసిపోయారు. నేను చల్లారిన కాఫీ పట్టుకుని గుమ్మం బయటే తచ్చాడేదాన్ని.

చివరికో పొద్దున వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, ఆ రాజేశ్వరికి బొత్తిగా బుద్ధి లేదు" అన్నారు.

నేను మాట్లాడకుండా అట్టు తిరగేశాను.

"ఈయనవి ఇంకేమైనా ఉన్నాయా?"

"అటక మీద పెట్టెలో ఉన్నాయత్తయ్యా. కింద చోటు లేక."

"చోటు లేకపోవడమేమిటి?" అని హాల్లోకి వెళ్లి నాలుగు గోడలూ పరకాయించి చూశారు. "ఒరే, ఇటు రా. ఈ మీ నాయనమ్మ పటం దింపి అటక మీద పెట్టు. బతికినన్నాళ్లూ నన్ను వారపత్రిక కూడా ముట్టుకోనివ్వలేదు ఈవిడ."