పైసా గ్రాంటు లేకుండా...

గనుల్లో కొత్త ఐడియాలతో వచ్చే స్టార్టప్‌లకు సొమ్ము సాయం చేస్తామంటూ కేంద్ర గనుల శాఖ 2023లో 'ప్రిజం' పథకం తెచ్చింది. బెంగళూరు కుర్రాళ్లకు ఇక పండగే. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో డ్రోన్ ఉంటే చాలు.

పాపం, వీళ్లకు సీనియర్ల సంగతి తెలిసినట్టు లేదు. బళ్లారిలో అక్రమ తవ్వకాల దొరలు పైసా గ్రాంటు తీసుకోకుండానే ఈ రంగాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. ఆంధ్రా-కర్ణాటక హద్దురాళ్లు గల్లంతు. హద్దు మీదున్న అమ్మవారి గుడి నేలమట్టం. పర్మిట్ లేని ఖనిజాన్ని లారీల్లో సాఫీగా దాటించే ఏర్పాటుకు 'జీరో రిస్క్' అని పేరు! ఏ ఐఐఎం బుర్రకు తడుతుంది ఇలాంటి బ్రాండింగ్? బెలెకేరి రేవులో జప్తు చేసి ఉంచిన ఇనుప ఖనిజం 2010లో లక్షల టన్నులు ఓడెక్కి వెళ్లిపోయింది. జప్తు కాగితాలు మాత్రం భద్రం. మరుసటి ఏడాది లోకాయుక్త సంతోష్ హెగ్డే బెంగళూరులో తేల్చిన లెక్క ప్రకారం ఖజానాకు చిల్లు 16 వేల కోట్ల పైమాటే. ఏ ఇన్వెస్టర్ ఇస్తాడండీ అంత?

ఇప్పుడు అక్రమ తవ్వకాలను పట్టేందుకు లీజు హద్దు దాటి 500 మీటర్ల దాకా ఉపగ్రహం కన్నేసి ఉంచుతుందట. బాగుంది. ఇంతకీ ఆ హద్దురాయి ఎక్కడుందో ఉపగ్రహానికి చూపించేదెవరో!