జాలి మీది, చాకిరి మాది!

దయామయులారా, దండాలు!

మీ మెసేజ్ అందింది. ఫొటో ఉంది. లొకేషన్ ఉంది. ఏడుపు బొమ్మలు కూడా సరిపడా ఉన్నాయి. ‘డ్రైనేజీ పక్కన కుక్కపిల్ల వణుకుతోంది, పాపం, ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి ప్లీజ్’ అన్నారు. మీరు అక్కడే నిలబడి ఉన్నారు. పక్కనే మీ కారు ఉంది. అయినా రావాల్సింది మాత్రం ఇంకెవరో! మీరే ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తే ఏం పోయింది? సీటు పాడవుతుంది. అత్తగారికి పడదు. పొద్దున్నే ఆఫీసు. నిజమే మరి. మాకు సీట్లు లేవు, అత్తగార్లు లేరు, ఆఫీసులు అసలే లేవు. మీ జాలిని మోయడానికే ఆకాశం నుంచి ఊడిపడ్డాం!

ఫాస్టరింగ్ అంటే ఏమిటో తెలుసా? దిక్కులేని కుక్కను కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని, బాగుచేసి, సొంత ఇల్లు చూసి అప్పగించడం. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఆ బాగుచేయడంలో ఏముందో కూడా వినండి. గోమార్లు పీకాలి. నులిపురుగుల మందు పట్టాలి. ఆరు వారాలు దాటాక టీకాలు మొదలుపెట్టాలి, కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఈలోగా పార్వో వైరస్ తగిలిందా, అయిపోయామే! వాంతులు, రక్తవిరేచనాలు, సెలైన్, రాత్రంతా జాగారం. చాలా పిల్లలు దక్కవు. పైగా ఆ వైరస్ నెలల తరబడి నేలనంటుకునే ఉంటుంది. ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలి. అన్నాళ్లూ ఆ గదిలోకి టీకా పడని ఇంకో పిల్లను తేకూడదు. ఇదంతా ఏ శాఖ పద్దు? ఏ మంత్రిగారి నిధి? మా జీతం. మా బాత్‌రూమ్. మా బాల్కనీ.

ఇక రెస్క్యూ హీరోగారు. ఆయన కాలువలోంచి పిల్లను తీశారు. ఆయన పిల్లను తీస్తుంటే ఇంకొకరు వీడియో తీశారు. వెనకాల వయొలిన్ మోగింది. లైకులు కురిశాయి. పిల్లను మా గుమ్మంలో దించి ‘రెండు రోజులే అక్కా’ అన్నారు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తికాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎలా ఎత్తుతారు? ఇంకో కాలువలో ఉన్నారు.

సరే, పిల్ల కోలుకుంది. ఇల్లు వెతకాలి. అసలు భాగోతం ఇక్కడ మొదలు.

‘మగదేనా?’ ఇది మొదటి ప్రశ్న. ‘ఆడదైతే వద్దండీ, కాన్పుల గోల.’ ఆపరేషన్ చేయించే ఇస్తామన్నా వద్దే. మగకుక్క వీధిలో ఎన్ని కాన్పులకు కారణమైనా ఆ లెక్క మనింటి ఖాతాలో పడదుగా! బేటీ బచావో అని లారీల వెనక రాసుకున్న దేశం. కుక్కల్లో కూడా వంశోద్ధారకుడే కావాలి. ‘నల్లగా ఉందేమిటి, తెల్లది లేదా?’ రెండో ప్రశ్న. ఫెయిర్‌నెస్ క్రీముల పిచ్చి మనుషులతో ఆగుతుందనుకున్నాం, మా అమాయకత్వం! ‘ఏ బ్రీడు?’ మూడోది. వీధి బ్రీడండీ. మన ఎండకు, మన వానకు, మన రాళ్లకు కూడా తట్టుకున్న జాతి. అంతే, ఫోన్ కట్.

2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి స్వయంగా చెప్పారు, దేశీ కుక్కల్ని పెంచుకోండని. ముధోల్, రాజపాళయం అంటూ పేర్లు కూడా చదివారు. దేశం చప్పట్లు కొట్టింది. కొట్టి, వెళ్లి హస్కీని కొనుక్కుంది. దేశభక్తి డీపీలో, కుక్క సైబీరియాది! బెజవాడ మే నెలలో మనుషులకే మాడు పగిలిపోతుంటే, మంచుబండి లాగే జాతిని తెచ్చి మూడో అంతస్తు బాల్కనీలో కట్టేస్తారు. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పగ్ పిల్లాడి వెంట నడిచింది. ఇంకేముంది, ఎవరింట్లో చూసినా పగ్గులే. చప్పిడి ముక్కుతో ఊపిరాడక అది గురగురలాడుతుంటే ‘ఎంత ముద్దుగా గురక పెడుతోందో’ అని మురిసిపోయారు. ప్రకటన పోయింది. ఆ కంపెనీ పేరే పోయింది. మోజు తీరిన పగ్గులు ఎక్కడ తేలాయి? షెల్టర్ల గేట్ల ముందు.

కుక్కనిచ్చే ముందు మేము నాలుగు మాటలు అడుగుతాం. ఇంటి ఓనరు ఒప్పుకున్నారా? ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఒకసారి ఇల్లు చూడ్డానికి రావచ్చా? ఎక్కడలేని పౌరుషం పొడుచుకొస్తుంది. ‘కుక్కనిస్తున్నారా, పిల్లనిస్తున్నారా? ఇవేం పెళ్లిచూపులండీ!’ అవునండీ, పెళ్లిచూపులే. కట్నం కూడా మేమే ఇచ్చుకుంటాం. టీకాలు, ఆపరేషన్, గిన్నె, గొలుసు. అదే బ్రీడర్ దగ్గరకు వెళ్లండి. ఒక్కటే ప్రశ్న. క్యాషా, ఫోన్‌పేనా? రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కాకుండా ఈ వ్యాపారం చేయకూడదని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచి నిబంధనలున్నాయి. కొనేటప్పుడు ఆ కాగితం చూపించమన్నారా? అని ఉండరు. సర్కారువారే అడగనప్పుడు మీకేం పట్టింది?

మొత్తానికి ఒకరు తీసుకెళ్లారు. సెల్ఫీ పెట్టారు. ‘మా కుటుంబంలో కొత్త సభ్యుడు!’ ఆ సభ్యత్వం ఎన్నాళ్లు? సోఫా కొరికేదాకా. కోడలు నెల తప్పేదాకా. వాస్తు పండితుడు ఇంట్లో అడుగుపెట్టేదాకా. అబ్బాయికి డాలస్‌లో ఉద్యోగం వచ్చేదాకా. వెంట తీసుకెళ్లొచ్చు కదండీ? కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా కాగితాలు పక్కాగా ఉండాలి. కష్టమే, ఖర్చే, కానీ దారి ఉంది. ఆవకాయ సీసాలకు లగేజీలో చోటు దొరుకుతుంది, కుటుంబ సభ్యుడికి దొరకదు! ‘మీ కుక్కను మీరే తీసేసుకోండి’ అని ఫోన్ చేసేవాళ్లు వీళ్లలో పుణ్యాత్ములు. మిగతావాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు దాటాక డోరు తీసి, దించి, గేరు మారుస్తారు.

అలా దించినవాడికి శిక్షేమిటో తెలుసా? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. సున్నాలు తప్పిపోలేదు, యాభై రూపాయలే. కుక్కను వదలడానికి ఔటర్ ఎక్కి కాస్త దూరం వెళ్తే టోలే అంతకంటే ఎక్కువ! మారుస్తామంటూ 2022లో ఒక ముసాయిదా బయటపెట్టారు. అది చట్టం కాలేదు. దాన్ని కూడా ఎవరో దత్తత తీసుకోవాలేమో.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పసివాణ్ని చంపేశాయి. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ముందు ఏ కుక్కప్రేమా నోరెత్తకూడదు. మేమూ ఎత్తం. కానీ ఒక్క మాట అడుగుతాం. వీధికుక్కలకు ఆపరేషన్లు చేయమని 2001 నుంచి నిబంధనలున్నాయి కదా, ఇన్నేళ్లూ ఎవరు గుర్రుపెట్టారు? పసివాడు పోయాక వ్యాన్లు తిరిగాయి, కెమెరాలు తిరిగాయి. వేడి చల్లారాక అన్నీ షెడ్డుకు చేరాయి. మరుసటి ఏడాది మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఎవరో వచ్చి ఇరవై దాకా కుక్కల్ని కాల్చిపారేశారు. కత్తెర పట్టడం చేతకాని చోట తుపాకీ దిగింది.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది. పదకొండు రోజులకే సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టినచోటే వదలండి. ప్రేమికులు కావాలంటే దత్తత తీసుకోవచ్చు, మళ్లీ వీధిన పడకుండా చూసే పూచీ మాత్రం వాళ్లదే అంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలోని కుక్కల్ని తీసి షెల్టర్లకు పంపమంది. మంచిదే. ఏ షెల్టరుకు? అడ్రసు చెప్పండి, మేమూ చూసొస్తాం. అవి కట్టేదాకా షెల్టరంటే ఏదో మీకూ తెలుసు, సర్కారుకూ తెలుసు. మా బాల్కనీ.

అక్కడైనా బతకనిస్తారా? అసోసియేషన్ నోటీసు అంటిస్తుంది: లిఫ్టులో కుక్కలకు ప్రవేశం లేదు. అలా నిషేధించే హక్కు మీకు లేదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. సెక్రటరీగారు వింటేనా! కుక్క లేనిదే స్వర్గం వద్దన్న ధర్మరాజు కథ ప్రవచనంలో విని కళ్లు తుడుచుకున్న మనిషే ఆయన. పాపం, ఆ కథలో ఆయనకు ఆదర్శంగా కనిపించింది గేటు దగ్గర అడ్డుపడిన ఇంద్రుడు!

ఇంత జరిగాక ఆఖరి బాణం వదులుతారు. ‘అంతలా పెంచి ఇచ్చేయడానికి మనసెలా వచ్చిందండీ? మీరే ఉంచేసుకోవచ్చుగా!’ ఉంచేసుకుంటే? మొదటి కుక్కతోనే ఇల్లు నిండుతుంది, రెండోది రోడ్డు మీదే ఉంటుంది. ఇల్లు ఖాళీ అయితేనే ఇంకోదానికి చోటు. ఏడవమనుకున్నారా? ఏడుస్తాం. కారు మలుపు తిరిగాక ఏడ్చి, మొహం కడుక్కుని, బ్లీచింగ్ బకెట్ ఎత్తుతాం. ఇచ్చేయడం మేము నేర్చుకున్నాం. తీసుకోవడం మీరెప్పుడు నేర్చుకుంటారు? లెక్కలేకుండా పుట్టించేవాడు ఒకడు, మోజుపడి కొనేవాడు ఒకడు, విసుగొచ్చి వదిలేసేవాడు ఒకడు. ముగ్గురినీ చూస్తూ ఆవలించే సర్కారు ఒకటి. వీళ్లందరి పాపం మా రెండు గదుల ఇంట్లో కడగాలా?

కాబట్టి అయ్యలారా, బ్రీడర్ల రిజిస్టర్లు తెరిపించండి. పిల్లాడు పోయేదాకా ఆగకుండా ఏడాదంతా ఆపరేషన్లు చేయండి. జరిమానాను జేబుకు నొప్పి తెలిసే అంకెకు పెంచండి. దయామయులారా, దత్తత కుదరకపోతే రెండు వారాలు మీ బాత్‌రూమ్ ఇవ్వండి. అదీ కుదరకపోతే టీకా డబ్బులివ్వండి. ఏదీ చేయకుండా ‘మీరు దేవతలండీ’ అని మాత్రం అనకండి. దేవతలకు సెలవు పెడితే జీతం కోయరు, దేవతల్ని ఇల్లు ఖాళీ చేయమని ఓనర్లు అనరు.

ఎలాగూ అక్టోబరు 4న ప్రపంచ జంతు దినోత్సవమని వేదిక కట్టి, మైకు పెట్టి, మాకు శాలువాలు కప్పుతారు. కప్పండి, కాదనం. పార్వో పిల్లల కింద పరవడానికి గుడ్డలు ఎన్నున్నా చాలడం లేదు.