రెండో తేదీ, శనివారం

నా అట్ట గోధుమరంగు, వీపున గుడ్డపట్టీ. పూర్తిపేరు సర్వీసు రిజిస్టరు. ఆఫీసులో మాత్రం అందరూ ‘ఎస్సార్’ అంటారు. నేను పుట్టింది 1968లో, బిలాస్‌పూర్‌లో. అప్పటికి ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది, డివిజను ఆగ్నేయ రైల్వే కింద ఉండేది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మన జనం ఇక్కడికి పనికి వస్తూనే ఉన్నారు. బుధవారీ బజారులో వంకాయలు బేరమాడే గొంతుల్లో తెలుగూ వినబడుతుంది. నన్ను మొదటిసారి తెరిచిన గుమాస్తా కూడా శ్రీకాకుళం వైపు మనిషే.

నా మొదటి పేజీలో పేరు, తండ్రిపేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. అన్నిటికంటే బరువైన గడి ఒకటుంది: క్రీస్తు శకం ప్రకారం పుట్టిన తేదీ. అంకెల్లోనూ రాయాలి, అక్షరాల్లోనూ రాయాలి. అక్కడ సిరా పడిందంటే నౌకరీ చివరిరోజు కూడా ఖాయమైపోయినట్టే.

బల్ల ముందు నిలబడ్డవాడు లోకో షెడ్డులో కొత్త ఖలాసీ. వరంగల్లు పిల్లాడు. చేతిలో నాలుగు మడతల కాగితం.

“ఎప్పుడు పుట్టేవురా?”

“రంజాన్ల సార్. పద్నాలుగో రోజా. 1366.”

“అది కాదురా, ఇంగ్లీషు తేదీ చెప్పు.”

“మా అబ్బా ఇదే రాసిండు సార్.”

పక్కబల్ల పెద్దాయన తల ఎత్తకుండానే, “నిజాం రాజ్యం కాగితం కదా, ఫసలీ అయి ఉంటుంది. 590 కలిపెయ్” అన్నాడు. కలిపితే 1956 వచ్చింది. అంటే ఎదురుగా ఉన్న మీసాల మనిషికి పన్నెండేళ్లు! ఫసలీ శిస్తుల కోసం పెట్టుకున్న సూర్యుడి లెక్క. హైదరాబాద్‌లో దాని నెలలు ఆజర్, దై, బహ్మన్... అందులో రంజాన్ ఎక్కడిది? ఇది చంద్రుడి లెక్క, హిజ్రీ.

గుమాస్తాకి సులువైన దారి లేకపోలేదు. ఏడు మాత్రమే తెలిస్తే జూలై 1 అనీ, ఏడూ నెలా తెలిస్తే ఆ నెల 16 అనీ రాసుకోమని రైల్వే నియమమే చెబుతుంది. కానీ రోజుతో సహా కళ్లముందుంటే ఉజ్జాయింపు రాయడానికి ఆయనకి మనసొప్పలేదు. పెన్సిల్ తీశాడు.

చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, కొన్నేళ్లకి 355. ముప్పై ఏళ్లలో పదకొండుసార్లు ఆ అదనపు రోజు పడుతుంది. మన క్యాలెండరుకంటే ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతూ పోతే ముప్పైమూడేళ్లకి ఇంచుమించు ఒక ఏడాది మింగేస్తుంది. అందుకని 1366ని 33తో భాగించి, వచ్చిన 41ని అందులోంచి తీసేసి, 622 కలిపాడు. 1947. ఇది ఏడాది వరకే. రోజు కోసం పట్టిక తెప్పించాడు. అందులో 1366 మొహర్రం 1కి ఎదురుగా 1946 నవంబర్ 25 ఉంది. ముప్పై, ఇరవైతొమ్మిది చొప్పున ఎనిమిది నెలలకి 236 రోజులు, పైన పదమూడు. వేళ్లు మడుస్తూ వచ్చి ఆగస్టు 1 దగ్గర ఆగాడు. నా గడిలో పెన్సిల్‌తో పల్చగా ‘1’ వేశాడు.

అప్పుడు పిల్లాడు కాగితం చివరి మాట మీద వేలు పెట్టాడు. “సనీచర్, సెహరీ వేళ అని కూడ ఉన్నది సార్.”

గుమాస్తా చెయ్యి ఆగింది. 1947 ఆగస్టు 15 శుక్రవారమని ఆ తరంలో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. అంటే ఒకటో తేదీ కూడా శుక్రవారమే. మరి శనివారం?

షెడ్డులోని ముసలి ఫిట్టరుని పిలిపించారు. ఆయన పట్టిక వైపు చూడనైనా చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు రంజాన్ ఆఖరి జుమ్మా, ఇరవై ఏడో రోజా, తానూ ఉపవాసమున్నానన్నాడు. పట్టిక చూస్తే ఇరవై ఏడు ఆగస్టు 14నే పడుతోంది! పట్టిక సగటు చంద్రుడిది, రోజాలు కంటికి కనబడ్డ నెలవంకవి. ఇరవైతొమ్మిదో సాయంత్రం నెలవంక కనబడకపోతే నెలకి ముప్పై నిండాల్సిందే. పదిహేనో తేదీ ఇరవై ఏడైతే, పద్నాలుగో రోజా రెండో తేదీ. శనివారం. ఇక సెహరీ అంటే తెల్లవారకముందు కాబట్టి అక్కడా పేచీ లేదు. అదే సూర్యాస్తమయం తర్వాత పుట్టుంటే హిజ్రీ తేదీ అప్పటికే మారిపోయి ఉండేది, మళ్లీ ఒక రోజు వెనక్కి లెక్కెయ్యాలి.

రబ్బరు నా మీద నడిచింది. తర్వాత సిరాతో: 2-8-1947.

ఒక్క రోజే కదా అనుకోకండి. ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజే రిటైరవుతాడు, రెండున పుట్టినవాడు ఆ నెలంతా పనిచేస్తాడు. ఒకటే నిలిచుంటే మావాడు 2007 జూలై 31న ఇంటికెళ్లేవాడు. ఆగస్టు 31న వెళ్లాడు. అప్పటికి రాష్ట్రం ఛత్తీస్‌గఢ్, జోను ఆగ్నేయ మధ్య రైల్వే అయిపోయాయి. నా ప్రకారం ఆయనకి అరవై. వాళ్ల అబ్బా కాగితం ప్రకారం అరవై రెండుకి నెల తక్కువ.

మీ ఇంట్లోనూ పాత నికాహ్‌నామా గానీ, పుస్తకం చివరి పేజీలో తాతగారు రాసిన పుట్టుక గానీ ఉంటే మార్చే ముందు తేదీ పక్కన వారం పేరు ఉందేమో చూడండి. లెక్కకీ వారానికీ ఒక రోజు తేడా వస్తే వారాన్నే నమ్మండి.