ఆరు కిలోమీటర్ల సీ వ్యూ

కోదండరాముడి కల్యాణం అయిపోయి, చలువ పందిళ్లు విప్పేసి, బందోబస్తుకొచ్చిన పోలీసులు బస్సులెక్కి పోయాక ఒంటిమిట్టలో మిగిలేది ఎండ ఒక్కటే. పదకొండు దాటితే చెరువు కట్ట మీద కుక్క కూడా కనబడదు. సరిగ్గా అప్పుడే ఇంటింటా ఒక మాట లేస్తుంది: "ఈ తూరి సముద్రానికి పోదాం." పిల్లోళ్లు అన్నారంటే అర్థముంది, వాళ్లు రీల్స్ చూసి ఉంటారు. మోకాళ్ల నొప్పులతో మంచం దిగని అవ్వలు కూడా అంటారు. "సచ్చేలోపల ఒక్క తూరి అలలు జూడాల నాయనా" అని అవ్వ అన్నాక ఇంట్లో ఎవడూ కాదనలేడు. కాదనే పని రూములిచ్చేవాళ్లు చూసుకుంటారు.

నిజానికి సముద్రం మాకు మరీ దూరం కాదు. సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం నెల్లూరులో చేయొచ్చు. బద్వేలులో ఎక్కిన 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కడా దారి తప్పనీయకుండా కృష్ణపట్నం రేవులో దించుతుంది. మా పక్కనున్న మంగంపేట బెరైటీసు రాయికైతే ఇంకా సుఖం. ఓబులవారిపల్లె నుంచి వెలికొండలు తొలిచి, ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి, 2019లో రేవు వైపు రైలు మార్గమే తెరిచారు. రాయి బండెక్కితే రేవులో దిగుతుంది, దిగితే ఓడెక్కుతుంది. దాన్ని ఆధార్ కార్డు అడగరు, అడ్వాన్సు అడగరు, ఎంతమంది వస్తున్నారని అసలే అడగరు. సీమలో పుట్టినవాడు సముద్రం చూడాలంటే మనిషిగా కన్నా రాయిగా పుట్టడం మేలు.

మనిషిగా పుట్టిన పాపానికి మా సిన్నాయన ఫోన్ చేశాడు. నెల్లూరు వైపు ఏదో బీచ్ రిసార్టు. పేరెందుకులే, పేరులో బీచ్ ఉంది, అంతవరకు నిజం.

"ఎంతమంది అబ్బయ్యా?" అని అడిగాడు అవతలి మేనేజరు.

"పద్నాలుగు మంది."

"ఫ్యామిలీనా?"

"ఫ్యామిలీ గాకపోతే మా అమ్మను తోడుకొని వస్తామా?"

"అయితే ఏడు రూములు. ఒక్కోటి నాలుగు వేలు."

"అన్ని రూములు ఏం జేసుకుంటామప్పా? ఒక హాలియ్యి. బొంతలు మేమే తెచ్చుకుంటాం."

"హాలు పెళ్లిళ్లకే ఇస్తాం."

పెళ్లి కావాల్సినోడు ఒకడున్నాడు గానీ, సముద్రం కోసం వాణ్ని తొందరపెట్టడం ధర్మం కాదని సిన్నాయన మాట మార్చాడు. "సరేగానీ, రూములో నుంచి సముద్రం కనబడతాదా?"

"సీ వ్యూ సార్!"

"కిటికీలోనుంచా?"

"మేడెక్కితే."

"మేడ మీద నుంచి బాగా అగపడతాదా?"

"వాటర్ ట్యాంకు మీదికి నిచ్చెనుంది సార్."

ఆ ట్యాంకుకూ సముద్రానికీ మధ్య దూరం ఆరు కిలోమీటర్లని తర్వాత తేలింది. రిసార్టు వాళ్లను తప్పు పట్టకండి. 2011 నాటి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు వద్దన్నాయి. వీళ్లు 6,000 మీటర్లు వదిలారు. చట్టానికి ఇంతగా భయపడేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు?

ఇంకో పెద్దమనిషి "కోడూరు బీచ్‌కు రండి, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. కోడూరంటే మాకు తెలిసింది రైల్వే కోడూరే. ఆ అరటి తోటల్లోకి సముద్రం ఎప్పుడొచ్చిందని మా వాళ్లు ఒక పూటంతా వాదించుకున్నారు. ఆయన చెప్పింది నెల్లూరు దగ్గరి కోడూరని తేలేసరికి ఆ రూము వేరేవాళ్లకు పోయింది.

మద్రాసు వైపు చూద్దామన్నారు కుర్రాళ్లు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నీలాంకరై నుంచి కోవళం దాటేదాకా విల్లాలే విల్లాలు. సముద్రం గోడ అవతలే ఉంటుంది. గోడ ఇవతల ఈతకొలను ఉంటుంది. డబ్బు కట్టేది ఈతకొలనుకు, ఫొటోలో పడేది సముద్రం. వారాంతం అద్దె విన్న మా పిన్ని, ఆ డబ్బు పెడితే మన చెరువు చుట్టూ గోడ కట్టించి దాన్నే విల్లా అనొచ్చు గదా అంది. చెరువులో నీళ్లుంటే ఆ మాట కొట్టిపారేయదగింది కాదు.

చివరికి ఎట్లో ఒక కాటేజీ దొరికింది. లోపలికి అడుగు పెట్టగానే సిన్నాయన వంగి నేల తడిమి, అంచు గోకి చూసి, "ఇది మనదే" అన్నాడు. గది నిండా నల్లగా కడప బండ. తడి కాళ్లతో పిల్లోళ్లు నడిచిన చోటల్లా ఉప్పు ఆరి తెల్లటి అచ్చులు తేలాయి. కోట్ల ఏళ్ల కిందట మా జిల్లా మీద సముద్రమే ఉండేదని, దాని అడుగున పేరుకున్న సున్నపు మట్టి గట్టిపడి ఈ బండ అయిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. అంటే మా సముద్రాన్ని పలకలుగా కోసి, లారీకెత్తి, ఇంకో సముద్రం పక్కన పరిచి, దాని మీద ఒక రాత్రి పండుకున్నందుకు మా దగ్గరే నాలుగు వేలు వసూలు చేస్తున్నారు. ఇంట్లో పడసాలలో పండుకున్నా మాకు సముద్రపు పరుపే. పైగా ఇక్కడ స్నానానికి కొళాయి తిప్పితే అందులోనూ ఉప్పునీళ్లే. సముద్రాన్ని కడుక్కోవడానికి మళ్లీ సముద్రమే పోసుకోవాలి.

ఇక్కడ కొంచెం పాత లెక్క ఒకటి చెప్పాలి. పెన్నా మీద సోమశిల కట్టినప్పుడు ఆనకట్ట నెల్లూరు జిల్లాకొచ్చింది, మునక కడప జిల్లాకొచ్చింది. 78 టీఎంసీల నీళ్లు నిలబడడానికి ఒంటిమిట్ట, నందలూరు, అట్లూరు, గోపవరం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గుళ్లు, బావులు, వేపచెట్లు, గాటిపాట్లు అన్నీ నీళ్లకింద పోయాయి. ఆ నీళ్లతో డెల్టా పొలాలు తడిశాయి, నెల్లూరు బియ్యం పండింది, మిగిలింది సముద్రంలో కలిసింది. మంచిదే, అన్నం తినేవాళ్లం, నీళ్లు పారినందుకు ఏడవం. కానీ ఇళ్లకిళ్లే వదిలేసి వచ్చినవాళ్ల మనవళ్లు అవే నీళ్ల చివర ఒక రాత్రి తలదాచుకుంటామంటే, అదనపు పరుపుకు ఎనిమిది వందలు విడిగా రాస్తున్నారు. ఊరు పోయినప్పుడు వచ్చిన నష్టపరిహారం కాగితాలు చూపిస్తే డిస్కౌంటు ఉందా అని సిన్నాయన అడిగాడు. వారం మధ్యలో వస్తే పది శాతం ఉందట.

ప్రైవేటు వాడు లాభం చూసుకుంటాడు, సర్కారుంది కదా అంటారు. ఉంది. విశాఖ శివార్లలో రుషికొండ మీద పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉండేది. మధ్యతరగతి కుటుంబం రూము తలుపు తీస్తే కిందే సముద్రం. కింది బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆ మరుసటి ఏడే పైన రిసార్టు కూల్చేశారు. కొండ తొలిచి 400 కోట్లకు పైగా పెట్టి భవనాలు లేపి, 2024 ఫిబ్రవరి 29న ప్రారంభం చేశారు. ముఖ్యమంత్రి ఉండడానికేనని ప్రతిపక్షం, పర్యాటకులకేనని ప్రభుత్వం. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, కెమెరాలు లోపలికి పోయాయి, రాష్ట్రమంతా స్నానాల తొట్టి చూసి తరించింది.

అప్పటి ప్రభుత్వం మాటే నిజమైతే, పర్యాటకుడికి చరిత్రలో ఎవరూ ఇంత మర్యాద చేయలేదు. చెక్ఇన్ ఎన్ని గంటలకో చెప్పడం ఒక్కటే మరిచారు. ప్రతిపక్షం మాటే నిజమైతే, సముద్రం వైపు రూము కోసం వెదికిన కడప జిల్లా వాళ్లలో అందరికన్నా పెద్దాయనకే చివరికి దొరకలేదు. ఇక మా పద్నాలుగు మంది ఎంత? బ్రిటిషు కాలంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర తెలివైనవాడు. ఎండకు తాళలేక కొండెక్కి ఇల్లు కట్టుకున్నాడు, కొండకు తన పేరు మిగిల్చి పోయాడు. కొత్త ప్రభుత్వమూ రుషికొండ భవనాలను ఏం చేయాలా అని కమిటీగా కూర్చుని ఆలోచించింది. ఆలోచించడానికి గాలి బాగుంటుంది అక్కడ.

నాకు ఒక బేరం తోస్తోంది. ఒంటిమిట్టలో కల్యాణం జరిగేది రాత్రిపూట. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు పోయాక ప్రభుత్వ లాంఛనాలు మా రాముడికొచ్చాయి, వాటితో పాటు జనమూ వచ్చారు. ఆ రాత్రి లాడ్జీల్లో చోటు అడగడం కూడా దండగ. వేల మంది ఎక్కడ పండుకుంటారు? మా అరుగుల మీద, మిద్దెల మీద, పడసాలల్లో. అందులో నెల్లూరు వాళ్లూ ఉంటారు. ఎవరినీ ఎంతమందని అడగలేదు. టెంపుల్ వ్యూ అని ఎక్కువ తీసుకోలేదు. గోపురం మా మిద్దెకు నిచ్చెన లేకుండానే కనబడుతుంది, అది వేరే విషయం.

టెంకాయ చిప్ప పట్టుకొని ఊరూరా అడుక్కొచ్చి ఇదే గుడిని బాగు చేసిన వావిలకొలను సుబ్బారావు గారి ఊరివాళ్లం. మళ్లీ చిప్ప పట్టడానికి మాకు సిగ్గు లేదు. మైపాడు ఇసుకలో ఒక సత్రం లేపుదాం. రేకుల షెడ్డయినా సరే, ఒకే హాలు, నాలుగు పొయ్యిలు, ఒక మంచినీళ్ల కొళాయి. నేలకు బండలు మావి, కూలి మాది. స్థలం నెల్లూరు వాళ్లివ్వాలి. మునిగిన ఊళ్లకు బదులుగా ఎకరా అడిగితే ఎక్కువంటారేమో, అర ఎకరాకు దిగుతాం. ఒకే ఒక్క షరతు: పొద్దున పది గంటలకు తలుపు కొట్టి ఖాళీ చేయమనకూడదు. కల్యాణం మరుసటి రోజు మా అరుగు మీద పండుకున్న నెల్లూరు పెద్దాయన ఒకాయన కాఫీ తాగి, సంగటి తిని, మళ్లీ ఒక కునుకు తీసి, సాయంత్రం బస్సుకు పోయాడు. పోతూ పోతూ దిండు బాగలేదన్నాడు.