ముట్టుకుని చెప్పు తమ్ముడూ!

ఫ్లోరిడా ఉత్తరాన హై స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి పక్కన జిన్నీ స్ప్రింగ్స్ ఉంది. శనివారం పొద్దున్నే అక్కడికి రెండు రకాల జనం దిగుతారు. మొదటి రకం గాలి ట్యూబులూ బీరు డబ్బాలూ చంకన పెట్టుకుని శాంటా ఫే నదిలో తేలుతూ పోయేవాళ్లు. చెప్పులు విప్పడానికి ఎంతసేపు పడుతుందో, నీళ్లలోకి దిగడానికీ వీళ్లకి అంతే పడుతుంది. రెండో రకం చెక్క బల్లల మీద జంట సిలిండర్లు నిలబెట్టుకుని, డెవిల్స్ ఇయర్ అనే బిలంలోంచి నేల కిందికి పోవడానికి వచ్చిన టెక్నికల్ డైవర్లు. ఈ రెండో రకంలో అందరూ తయారై, సూట్లలో ఉడికిపోతూ ఒకాయన కోసం ఎదురు చూస్తుంటారు. ఆయన గురించే ఇదంతా.

పేరు అక్కర్లేదు. ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. అట్లాంటా నుంచి రాత్రంతా కారు తోలుకొచ్చే మన సాఫ్ట్‌వేర్ జట్టులో ఉన్నాయన మరీ ముదురు రకం. వారం పొడుగునా ఎదుటివాళ్ల కోడ్‌లో తప్పులు పట్టి, శని ఆదివారాలు ఎదుటివాళ్ల హోసుల్లో తప్పులు పట్టడానికి వస్తాడు. కుర్రాళ్లు ఎదురుగా “అన్నా” అంటారు, పక్కకు తిరిగి “ఇన్‌స్పెక్టరు” అంటారు. ఆ రెండో మాట ఆయన చెవిన పడకపోలేదు. పడ్డప్పుడల్లా మీసం కింద చిన్నగా నవ్వుకుంటాడు కూడా.

పని మొదలయ్యేది ఆక్సిజన్ కొలిచే మీటరుతో. గ్యాసు నింపిన షాపులో ఒకసారి కొలిపిస్తాడు. పక్కన నిలబడి తను ఒకసారి కొలుస్తాడు. రాత్రి మోటెల్ గదిలో ఇంకోసారి కొలిచి, పొద్దున బల్ల మీద మళ్లీ మొదలెడతాడు. అర్ధరాత్రి సిలిండర్లో దూరి ఆక్సిజన్ శాతం మార్చేసి పోయే దొంగ ఒకడు ఫ్లోరిడాలో తిరుగుతున్నాడని ఆయన గట్టి నమ్మకం. కొలిచాక టేపు ముక్క చించి, శాతం, తేదీ, పొడి అక్షరాలు రాసి సిలిండరు మెడ దగ్గర అంటిస్తాడు. అంటించి నాలుగడుగులు వెనక్కి వెళ్లి, తలవాల్చి, పెళ్లిచూపుల్లో అమ్మాయిని చూసినట్టు చూస్తాడు.

నవ్వుకుంటాం గానీ ఈ టేపులో పిచ్చి ఏమీ లేదు. లోతుకు పోయేవాడు ఒక్క గ్యాసుతో పోడు. అడుగున పీల్చేందుకు హీలియం కలిపినది ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు డెబ్భై అడుగుల దగ్గర అందుకోవడానికి సగం ఆక్సిజన్ ఉన్నది ఇంకొకటి, చివరి ఇరవై అడుగుల్లో పీల్చే శుద్ధమైన ఆక్సిజన్ మరొకటి. ఒడ్డున ప్రాణం పోసే ఆ ఆక్సిజన్నే పొరపాటున వంద అడుగుల లోతులో నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. నోట్లోంచి రెగ్యులేటరు జారిపోతే ఆ తర్వాత లోపలికి వెళ్లేది నీళ్లే. అందుకే సిలిండరు పక్కన అరచేయంత అంకెలతో 70 అనీ 20 అనీ రాస్తారు. వేలాడే సిలిండరు మీది ఆ అంకెలు మోస్తున్నవాడికి సరిగ్గా కనబడవు, పక్కన ఈదేవాడికి బాగా కనబడతాయి. వాళ్లు అలా రాసింది పక్కవాడి కోసమే. ఇన్‌స్పెక్టరుకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, జీవితమంతా పక్కవాడి పాత్రలోనే ఉండిపోవాలని నిశ్చయించుకున్నాడు.

ఇక తల నుంచి కాలి దాకా తనిఖీ. కుర్రాడు నిలబడి పాఠం అప్పజెప్పాలి. “మెయిన్ లైటు ఉంది, బ్యాకప్ లైట్లు రెండు...” అనగానే చెయ్యి అడ్డం వస్తుంది.

“ఉన్నాయని నాకూ తెలుసు. ముట్టుకున్నావా?”

“చూశానన్నా.”

“చూస్తే కుదరదు. ముట్టుకుని, వెలిగించి చెప్పు తమ్ముడూ.”

వాల్వుల దగ్గరైతే ఆయనది వేరే అవతారం. ఎడమ భుజం వెనక వాల్వు మీద ఆయనకు పాత కక్ష ఉంది. గుహ పైకప్పుకు వీపు రాసుకుంటూ ముందుకు పోతుంటే కుడి వాల్వు తెరుచుకునే వైపు తిరుగుతుంది, ఎడమది మూసుకునే వైపు తిరుగుతుంది. మోస్తున్నవాడికి తెలియకుండా, గోడే ఆ పని చేసి పెడుతుంది. అందుకని చెయ్యి వెనక్కి పెట్టి తిప్పి చూపించాలి. ఆ తర్వాత గేజి ముల్లు మీద కన్నుంచి నాలుగు గుక్కలు గాలి పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి ఊగి మళ్లీ పైకొస్తే వాల్వు సరిగా తెరవనట్టే. పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పమని పాత రోజుల్లో నేర్పేవారు. ఆ పావు చుట్టు ఏ వైపో తికమకపడి, మూసిన వాల్వును పావు చుట్టు మాత్రమే తెరిచి దిగినవాళ్లున్నారు. ఒడ్డున ఆ గాలి సరిపోతుంది, లోతుకు పోయాక చాలదు. ఈ కథ ఆయన చెప్పకుండా వదిలిన శనివారం లేదు.

నీళ్లలో దిగాక బుడగల తనిఖీ. ఒకరి వెనక ఒకరు మునిగి, ఎక్కడైనా సన్నగా బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. మన ఇళ్లలో కొత్త గ్యాసు బండకు సబ్బు నురగ రాసి చూసే పనే ఇది. ఆయన మాత్రం పేలు చూసే అమ్మమ్మకు మల్లే ఒక్కొక్క హోసు పాయ విడదీసి చూస్తాడు. ఈలోగా బీరు డబ్బాల జట్టు పక్కనుంచి తేలుతూ పోతూ “లోపల చేపలున్నాయా?” అని అడుగుతుంది. మామూలు డైవరైతే తల ఊపి ఊరుకుంటాడు. ఈయన మాస్కు నుదుటి మీదికి లాక్కుని, 1935 అక్టోబరులో ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వాళ్ల కొత్త పెద్ద విమానం ఎలా కూలిందో మొదలెడతాడు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసిన తాళం తీయకుండానే విమానం లేపారనీ, అంత అనుభవమున్న పైలట్లకే అలా జరిగిందని కాగితం మీద చెక్‌లిస్టు రాసుకోవడం మొదలుపెట్టారనీ అసలు సంగతికి వచ్చేసరికి ట్యూబు యాభై గజాలు దిగువకు పోయి ఉంటుంది. మిగతా కథ గట్టిగా అరిచి చెబుతాడు.

గ్యాసు లెక్క ఆయనకు ఇంకో పండగ. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు. గేజి 3500 పీఎస్ఐ చూపిస్తే మూడుతో తేలిగ్గా భాగించేందుకు 3300కి దించి, 1100 ఖర్చవగానే వెనక్కి తిరగాలంటారు. జట్టులో ఎవరికి తక్కువుంటే వారి లెక్కే అందరిదీ. మామూలు మనుషులకు ఇక్కడితో అయిపోతుంది. ఈయన దాన్ని ఆరో వంతుకు దించి, “ఎందుకైనా మంచిది” అని ఇంకో వంద తగ్గిస్తాడు. కొన్నిసార్లు ఆయన లెక్క ప్రకారం గుహ ముఖం దాకా వెళ్లకముందే వెనక్కి తిరిగే వేళ అయిపోతుంది.

ఈ మూడో వంతు నియమం గాల్లోంచి ఊడిపడలేదు. ఫ్లోరిడాలో లెక్కలు చెప్పే మాస్టారు షెక్ ఎక్స్‌లీ, గుహల్లో పోయినవాళ్లు ఎలా పోయారో ఒక్కొక్కటీ విప్పి చూసి 1979లో ఒక చిన్న పుస్తకం వేశాడు. బయటిదాకా తెగకుండా తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గ్యాసు మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతు, మళ్లీ మళ్లీ ఇవే తేలాయి. ఇప్పుడు గుహల ముఖద్వారాల్లో, ఇంతకంటే ముందుకు రావద్దంటూ యముడి బొమ్మతో బోర్డులు పెడుతున్నారు. ఆ మాస్టారే 1994లో మెక్సికోలో సకటోన్ అనే గుండంలో వెయ్యి అడుగుల లోతు అందుకోబోయి తిరిగి రాలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఇన్‌స్పెక్టరు అరవడు.

ఇంతటి మనిషికి ఒకే ఒక్క అవమానం, డ్రై సూటు జిప్పు. ఆయన సూటుకు అది భుజాల మీదుగా వీపు వెనక ఉంటుంది. ఎంత గొప్పవాడైనా ఇంకొకడి చేత వేయించుకోవాల్సిందే. అప్పుడు చూడాలి ఆయన ముఖం. “చివరిదాకా వచ్చిందా? లాగి చూశావా? నీ కళ్లతో చూశావా?” అని అడిగి, మొదటి కుర్రాడి మాట మీద నమ్మకం కుదరక రెండోవాణ్ణి సాక్షిగా పిలుస్తాడు. ఎదుటివాణ్ణి గంటసేపు తనిఖీ చేసే ఆయన తనను ఎవరైనా తనిఖీ చేయబోతే మాత్రం, “నాది నేను పొద్దున్నే కార్లోనే చూసుకున్నాలే” అంటూ వీపు తిప్పేస్తాడు. గుహల్లో ఈ జబ్బు కొత్తవాళ్లకంటే పాతకాపులకే ఎక్కువ. కొత్తవాడు భయంతో ముట్టుకుంటాడు. పాతవాడి నోరు పాఠం అప్పజెబుతుంటే చెయ్యి జేబులో ఉంటుంది.

ఈ మధ్య ఆయన రీబ్రీదరు కొన్నాడు. వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడును సోడాలైమ్‌తో పీల్చేసి, కాస్త ఆక్సిజన్ చేర్చి మళ్లీ మనకే ఇచ్చే యంత్రం. జట్టంతా సంతోషించింది. ఎందుకంటే దిగే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని, ముక్కు మూసుకుని, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని ఊపిరి పీల్చాలి. పొద్దుటి నుంచి జట్టుకు దొరికే ప్రశాంతత ఆ అయిదు నిమిషాలే. కార్బన్ డయాక్సైడును పీల్చేసే పని పాక్షికంగా దెబ్బతింటే ఈ అయిదు నిమిషాల్లో ఎక్కువమంది దాన్ని పసిగట్టలేకపోయారని 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. అంచేత అంతకుముందు చేసే తనిఖీలు ఎగ్గొట్టడానికి లేదు. ఆ తనిఖీల పట్టీని ఆయన ప్లాస్టిక్ పూత వేయించి, మెళ్లో వేసుకుంటాడు.

మొన్న ఆయన నోట్లో గొట్టం పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. కరీంనగర్ కుర్రాడొకడు పట్టీ అందుకుని తీరిగ్గా చదువుతున్నాడు. అన్ని గళ్లలోనూ ఆకుపచ్చ మార్కరుతో టిక్కులు, ముచ్చటగా.

“అన్నా,” అన్నాడు కుర్రాడు, “ఇవి పోయిన శనివారం టిక్కులే. తేదీ గూడ గదే ఉంది.”

ఇన్‌స్పెక్టరు కళ్లు పెద్దవయ్యాయి. నోట్లో గొట్టం. ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు. మధ్యలో తీస్తే మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి. చేతులతో ఏదో చెప్పాడు. చూశాననీ, టిక్కు పెట్టడమే మర్చిపోయాననీ కావచ్చు. జట్టులో ఒక్కరికీ ఆ సైగ అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ఎవరూ తొందరపడలేదు కూడా.

గొట్టం తీశాక ఆయన నోరు తెరవబోయేలోపే కుర్రాడు బొటనవేలితో టిక్కులన్నీ తుడిచేశాడు. “నేను చదువుతనన్నా. మీరు ముట్టుకోని చెప్పుండ్రి.”

ఒకటి, రెండు, మూడు... ఏడో గడి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఆక్సిజన్‌ను పలచన చేసే గ్యాసుది, డైల్యూయెంట్ వాల్వు, సగం కూడా తెరిచి లేదు. చప్పుడు చెయ్యకుండా, గబగబా చివరిదాకా తిప్పాడు. జట్టు అంతా చూసింది. ఆయనా అందర్నీ ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“చూశావా తమ్ముడూ, నేను ప్రతిదీ రెండుసార్లు ఎందుకు చేస్తానో! టిక్కు పెట్టు. పెట్టావా? చదవడం కాస్త నెమ్మదిగా చదువు.”