‘కావలెను’ అను ప్రకటనకు టీకాతాత్పర్యములు

మూలము: కావలెను. ప్రముఖ బట్టల షాపునకు చురుకైన సేల్స్‌మెన్. డిగ్రీ, పదేండ్ల అనుభవము. వయస్సు 25 లోపు. సొంత బైకు తప్పనిసరి. ఆకర్షణీయమైన జీతము. వెంటనే సంప్రదించండి.

అవతారిక: మెదకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసకావ్యములకు వ్యాఖ్య రచించుచు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిన పూనెను. ఆ మహానుభావుడు మన ఆదివారపు పత్రికలలోని క్లాసిఫైడులను చదువలేదు గనుక ఆ ప్రతిన చెల్లించుకొనగలిగెను. ఈ మూలమునందైతే వ్రాయవలసినదెల్ల మూలమున లేనిదే, మూలమున ఉన్నదెల్ల అక్కరలేనిదే.

టీక: ‘ప్రముఖ’ - పేరు చెప్పుటకు వెనుదీయువారు వాడు విశేషణము. నిజముగా ప్రముఖమైనచో పేరే చాలును. ‘చురుకైన’ - తాను సోమరినని యెరిగి ఇంటనే కూర్చుండు అభ్యర్థిని ఇంతవరకు ఎవ్వరును చూడలేదు గనుక, ఈ పదమెవ్వరిని ఆపదు, ఎవ్వరిని పిలువదు. ‘సేల్స్‌మెన్’ - 1976 నాటి సమాన వేతన చట్టము నియామకములయందు స్త్రీపురుష భేదము కూడదనినది. తెనుగున బహువచనమందు స్త్రీలకును మహద్రూపమే చెల్లును గదా యని ఒక దయాళువైన వ్యాఖ్యాత సమర్థింపవచ్చును గాని, షాపు యజమాని చిన్నయసూరి శిష్యుడు గాడు. ‘డిగ్రీ, పదేండ్ల అనుభవము, 25 లోపు’ - విరోధాభాసము. పదునైదు నిండకమునుపే చీరల మడత నేర్చి, మడతకును మడతకును నడుమ డిగ్రీ ముగించినవాడే ఇట అధికారి. ‘సొంత బైకు’ - కౌంటరు వెనుక నిలిచి చీరలు పరచువానికి బైకేలయని పూర్వపక్షము. యజమాని పిల్లలను బడికి దింపుటకని సిద్ధాంతము.

‘ఆకర్షణీయమైన జీతము’ - ఇట కొంత నిలువవలసియున్నది. జీతమున ఆకర్షించునది అంకెయే గాని విశేషణము గాదు. సర్వీసు కమిషను నోటిఫికేషను ఎంత నీరసగద్యమైనను పే స్కేలును అంకెలలో ముద్రించును, ఆ నీరసగద్యమునే మన యువకులు రాత్రింబవళ్లు పారాయణము చేయుదురు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2021 నుండి జీతపు హద్దులు తెలుపక ఉద్యోగప్రకటన వేయుట చట్టవిరుద్ధము. మన విశేషణమునకు వాచ్యార్థము శూన్యము. వ్యంగ్యార్థమొకటే, అది ‘వచ్చినపుడు అడుగకుడు’ అనునది.

విశేషము: శాస్త్రగ్రంథమునకు ఆరంభముననే విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగును చెప్పవలెనని పెద్దల నియమము. అధికారిని ముందే నిర్దేశించుట, అనధికారి మొదటి పుటలోనే గ్రంథమును మూసి తన దారిన తాను పోవుటకు. ఉద్యోగప్రకటన పనియు అదియే. కాని దాని పని జనమును పోగుచేయుట యని మన షాపులవారు భ్రమింతురు. ఈ ప్రకటన వెలువడిన మరునాడు ఆ షాపు మెట్లపై ఇంజనీరింగు చదివినవారును, ఊరినుండి తెల్లవారుజామున బస్సెక్కినవారును బారులు తీరియుండగా నేను చూచితిని. మధ్యాహ్నమునకు జీతమెంతయో తెలిసి, బస్సు చార్జీలు లెక్కించుకొనుచు మరలిపోయిరి. యజమానికి ఆ పూట బేరము పోయినది, మనిషి దొరకలేదు. ఉద్యోగమునందలి ప్రధానక్లేశమో, మూలమున ధ్వనిగానైనను లేదు: దినమంతయు నిలువుకాళ్ల కొలువు. బట్టల దుకాణములలో కూర్చుండు హక్కును కేరళమున 2018లోను, తమిళనాట 2021లోను చట్టమునకెక్కింపవలసి వచ్చినది.

తాత్పర్యము: మాకు మనిషి కావలెను, ఎట్టి మనిషియో మేమింకను ఆలోచింపలేదు.

పాఠాంతరము: పరిష్కర్తనై నేనొక పాఠమును కూర్చితిని. ‘చీరల విభాగమునకు ఇద్దరు కావలెను, స్త్రీలైనను పురుషులైనను సరే. నెలకు రూ. 16,000, పండుగలకు బోనసు. ఉదయము 10 నుండి రాత్రి 9 వరకు, మంగళవారము సెలవు. చాలసేపు నిలువవలెను, బేరము లేనపుడు కూర్చుండవచ్చును. పట్టుకును ఆర్ట్ సిల్కుకును భేదము తెలిసినచో మేలు, తెలియనిచో నేర్పుదుము. డిగ్రీ అక్కరలేదు.’ దీనిని యజమానికి చూపగా ఆయన కళ్లజోడు సవరించుకొని ఆమూలాగ్రము చదివి, “అంతా బాగున్నదండీ, కాని పేపరువాళ్లు లైనుకింత అని తీసుకుంటారు” అనెను.

మరుసటి ఆదివారము ప్రకటన పూర్వపాఠముతోనే అచ్చయినది. ‘చురుకైన’ అనుదానికి ముందు ‘మిక్కిలి’ చేర్చిరి.