అతిజాగ్రత్తపరుడు

ప్రతి కాలనీలోను ఒక అతిజాగ్రత్తపరుడుండును. అంతర్జాలమున జరుగు కార్డు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణమును రిజర్వు బ్యాంకు 2009లో తప్పనిసరి చేసిన నాటినుండియు, ఒక్క పాస్‌వర్డును నమ్ముకొన్నవాడు తలుపు చేరవేసి నిద్రించువాడేయని బంధుమిత్రులకు ప్రబోధించుచు, ఆయన బ్యాంకునకు, మెయిలుకు, తుదకు పాటలు వినెడి యాప్‌నకు సైతము రెండవ తాళము బిగించుకొనును. ఎస్సెమ్మెస్‌ను దొంగలు కాజేయుదురని విని, మెయిలు ఖాతానుండి తన ఫోను నంబరును తానే తొలగించి, కోడులకు అథెంటికేటర్ యాప్‌నే నమ్ముకొనును. గ్యాసుబండ వచ్చినపుడు మాత్రము మేడమీదనుండియే వీధియంతయు వినునట్లు ఓటీపీని ఉచ్చైఃస్వరమున చదువును.

ఇట్టి మహాశయుడు ఆండ్రాయిడును విడిచి ఐఫోనును స్వీకరించిన శుభదినమున, ఛాయాచిత్రములును వాట్సాప్ సంభాషణలును క్షేమముగా చేరుటచే సంతుష్టుడై, పాత ఫోనులోని రహస్యములు పరులపాలు గాకుండ దానిని సమూలముగా తుడిచివైచి, ఎక్స్చేంజి క్రింద దుకాణదారునకు సమర్పించును. ఆ సాయంకాలమే మెయిలు ఆయనను అథెంటికేటర్‌లోని ఆరంకెల కోడు అడుగును. ముప్పది సెకనుల కొకమారు మారెడి ఆ కోడు ఆకాశమార్గమున వచ్చునది కాదు. మొదట క్యూఆర్ కోడు ద్వారా ఫోనులో చేరిన రహస్యాక్షరమాలను గడియారపు వేళతో గణించి ఫోనే పుట్టించునది. కొత్త ఫోనుకు యాప్ వచ్చినది. అక్షరమాల పాతదానితోనే పోయినది. మేఘములో దాని ప్రతి యున్నది గాని, అది తెరచుటకు మెయిలు కావలెను. మెయిలు తెరచుటకు కోడు కావలెను. ఆపద్ధర్మముగా నిచ్చిన బ్యాకప్ కోడుల కాగితము ఎన్నడైన పోవునేమోయని, దాని ఫోటోను తనకు తానే ఆ మెయిలుకే పంపుకొని, కాగితమును చించివేసిన దూరదర్శి ఆయన!

ఆధారు, పాను, పాసుపోర్టు వరుసగా పరచినను యంత్రము కన్నెత్తి చూడదు. ముప్పదియేండ్లు కాపురము చేసిన ఇల్లాలు “ఈయన మావారేనండీ” యని హామీ యిచ్చినను కస్టమర్ కేరు చెవినిడదు.

కొన్నాళ్ల నిరీక్షణానంతరము ఖాతా తెరువబడగా, అందు తన ప్రయత్నములను గూర్చియే వచ్చిన హెచ్చరికలు బారులు తీరియుండును. ఆయన వానిని సాంతము చదివి, “చూచితివా! ఎవడో దుర్మార్గుడు రేయింబవళ్లు నా ఖాతాపై దండెత్తినాడు, రెండవ తాళము లేకున్న కొంప మునిగెడిది” యని ఇల్లాలికి చూపి, మూడవ తాళ మెక్కడ దొరకునని విచారణ మొదలిడును.